సెకనులో ఎనిమిదో వంతు

బజారులో అతని అసలు పేరు తెలిసినవాళ్ళు తక్కువ. అందరికీ అతను షట్టర్ మాస్టారే. ఒకసారి ఎవరో కొత్తాయన ఆ పిలుపు విని, కొట్ల ముందుండే ఇనప షట్టర్లు బాగుచేసే మనిషి కాబోలనుకుని, "మాది సగం దాకా వచ్చి ఆగిపోతోందండి, కాస్త వచ్చి చూస్తారా" అంటూ స్టూడియో మెట్లెక్కాడు. మాస్టారి భార్య ఆ సంగతి ఇంటికి వచ్చినవాళ్ళకల్లా చెప్పి నవ్వించేది.

అతనికి తిండి పెట్టేవి పాస్‌పోర్టు సైజు ఫోటోలు. గడ్డం కాస్త పైకి, కళ్ళు ఇటు, అయిపోయింది, లేవండి. ప్రాణం మాత్రం ఆదివారం పొద్దున గ్రంథాలయం మేడ మీద చెప్పే క్లాసులో ఉండేది. బ్యాంకు గుమాస్తాలు, ఒక పళ్ళ డాక్టరు, రిటైరైన లెక్కల టీచరు, ఇలా పదిహేను ఇరవై మంది కెమెరాలు మెళ్ళో వేసుకుని వచ్చేవాళ్ళు. వాళ్ళకి ఏడాది పొడుగునా అతను చెప్పేది ఒకటే.

"షట్టరు అంటే కెమెరా కంటికి రెప్ప. అది ఎంతసేపు తెరిచి ఉంచాలన్నదే మీ చేతిలో ఉంది. వెయ్యో వంతు సెకను తెరిచారనుకోండి, పరిగెత్తే కుక్క కూడా గాల్లో బిగుసుకుపోతుంది. ఎనిమిదో వంతు తెరిచి చూడండి. ఏది కదులుతోందో, ఏది కదలట్లేదో అదే చెప్పేస్తుంది. మీరు దాచమన్నా దాచదు."

అతను ఉంటున్న ఇంట్లో ముందు గది అత్తగారిది. ఆవిడ దర్జీ. అందులోనూ కోట్లూ పొడుగు గౌన్లూ కుట్టే దర్జీ. "మిషను మీద ఎవరైనా కుడతారు, చేత్తో బొత్తాం కాజా కుట్టమను చూద్దాం" అనేది. ఆవిడ కుట్టిన కాజా అచ్చు గుద్దినట్టుండేది, ఒక్క పోగు అటూ ఇటూ పోయేది కాదు. నలభై ఏళ్ళుగా ఆ బజారులో పెద్దమనుషులనిపించుకున్నవాళ్ళంతా ఆవిడ టేపు ముందు చేతులెత్తి నిలబడ్డవాళ్ళే. ఎవరి భుజం పల్లమో, ఎవరి పొట్ట ఏ సంవత్సరం ముందుకొచ్చిందో ఆవిడకి లెక్కలతో సహా తెలుసు. పొరపాటున కూడా ఎవరి సంగతీ ఎవరి దగ్గరా అనేది కాదు.

అల్లుణ్ణి మొదటిరోజు నుంచీ నువ్వు అనే పిలిచింది. "మీరు గీరు అనడానికి నాకు నోరు తిరగదు నాయనా. నాకు కొడుకు లేడు, నువ్వున్నావు" అంది. అతనికి తల్లి పదేళ్ళప్పుడే పోయింది. ఆ మాట విన్నరోజు బయటికొచ్చి, కంట్లో నలుసు పడ్డట్టు నటించాల్సి వచ్చింది.

సంగతి బయటపడింది ఒక వాన మధ్యాహ్నం.

కొత్త లెన్సు వచ్చింది. వానలో స్టూడియోకి ఎవరూ రారని, కెమెరానీ స్టాండునీ తెచ్చి ముందు గది గుమ్మంలో పెట్టాడు. తిరిగే ఫ్యాను రెక్కలు చెదిరినట్టు రావాలి, గది మాత్రం కడిగినట్టు రావాలి. షట్టరు ఎనిమిదో వంతుకి పెట్టి, కెమెరా కదలకుండా తీగ చివరున్న బటను నొక్కాడు. అత్తగారు కిటికీ పక్క కుర్చీలో ఉంది. అప్పుడే ఒక కోటు పూర్తి చేసి వాన చూస్తోంది.

కెమెరా తెర మీద బొమ్మ పెద్దది చేసి చూశాడు. ఫ్యాను తను కోరుకున్నట్టే వచ్చింది. బల్ల మీది గళ్ళ గుడ్డలో ప్రతి గడీ విడిగా కనిపిస్తోంది. కత్తెర మొన దగ్గర తుప్పు చుక్క, ఆవిడ కళ్ళజోడు, మెడ మీది ముడతలు, ఎడమ చెయ్యి, అన్నీ ఉన్నాయి. ఒళ్ళో పెట్టుకున్న కుడి చెయ్యి మాత్రం లేదు. అది ఉండాల్సిన చోట పొగలాంటిది ఉంది.

స్టాండు కదిలిందేమో అనుకున్నాడు. స్టాండు కదిలితే అన్నీ చెదరాలి కదా. మళ్ళీ తీశాడు. మళ్ళీ అదే. షట్టరు ఐదువందలో వంతుకి మార్చి ఇంకోటి తీశాడు. వెలుతురు చాలక బొమ్మ గరుకుగా వచ్చింది గానీ, అందులో ఆ చెయ్యి గోళ్ళతో సహా రాయిలా ఉంది.

అప్పుడు కెమెరా వదిలి కంటితో చూశాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కనబడని గింజ ఏదో నలుపుతున్నట్టు ఆ చెయ్యి దానంతటదే ఆడుతోంది. ఇంతలో ఆవిడ తల తిప్పింది. చెయ్యి గుడ్డ కిందికి పోయింది. మరుక్షణం సూది అందుకుంది. సూది అందుకోగానే చెయ్యి నిలబడిపోయింది.

"ఏంటి నాయనా, నా ఫోటోలా? గోడకి వేలాడదీసే వయసు నాకింకా రాలేదు."

"లెన్సు చూస్తున్నా అత్తయ్యా."

అతనికి చాలా విషయాలు ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఆవిడ ఖాళీగా కూర్చోదు. టీవీ చూస్తూ కూడా బొత్తాలు కుడుతుంది. ఎవరైనా వచ్చి మాట్లాడుతుంటే ఏదో ఒక పాత గుడ్డ అంచు మడుస్తూనే ఉంటుంది. "మా అమ్మకి పని పిచ్చి" అని కూతురు మురిసిపోయేది. అది పని పిచ్చి కాదు. పని చేస్తున్నంతసేపే ఆ చెయ్యి చెప్పినమాట వింటోంది.

అప్పుడు అతను చెయ్యాల్సింది పెద్ద పనేం కాదు. ఎప్పటినుంచి ఇలా ఉంది అత్తయ్యా అని అడగాలి. అడగలేకపోతే సాయంత్రం పోస్టాఫీసు నుంచి వచ్చిన భార్యతో చెప్పాలి. రెండూ చెయ్యలేదు. ఆవిడ దాచుకుంటోంది, మనమెందుకు కెలకడం అని తనకి తాను చెప్పుకున్నాడు. పైకి అది మర్యాదలాగే కనిపించింది. లోపలున్నది వేరు. ఆ ఫోటో బాగుంది. ఇరవై ఏళ్ళుగా క్లాసులో గొంతు చించుకుని చెప్పిందంతా ఆ ఒక్క బొమ్మలో ఉంది. వెలుతురు ఇంకాస్త బాగుంటే, తల ఇంకాస్త ఇటు తిరిగి ఉంటే ఇంకా బాగుంటుంది. అడిగాడంటే ఆవిడ ఇక ఆ కుర్చీలో అలా కూర్చోదు. అందుకే అడగలేదు.

పద్నాలుగు నెలలు అలాగే గడిచాయి. ఆవిడ ఏ వేళలో ఏమరుపాటుగా ఉంటుందో కనిపెట్టాడు. కోటు పూర్తయ్యాక దాన్ని కొక్కేనికి తగిలించి, కళ్ళు అలిసిపోయి, రెండు నిమిషాలు కిటికీలోంచి వీధి చూస్తుంది. ఆ రెండు నిమిషాల కోసం గుమ్మంలో స్టాండు పెట్టి, తీగ పట్టుకుని, పక్క గదిలో పేపరు చదువుతున్నట్టు కూర్చునేవాడు. ఆవిడకి అతని స్టాండు ఆ ఇంట్లో కుర్చీలాంటిదే. అడ్డమొస్తే జరుపుతుంది, లేకపోతే పట్టించుకోదు. రెండువందల చిల్లర ఫోటోలు తీశాక కావలసింది వచ్చింది.

ఆ ఏడు గ్రంథాలయంవాళ్ళు పెట్టిన పోటీకి ఇచ్చిన అంశం 'కదలిక'. పరిగెత్తే పిల్లలు, జలపాతాలు, సైకిళ్ళు కుప్పలుగా వచ్చాయట. అతను ఒక్కటే పంపాడు. కింద 'ఆగని చెయ్యి' అని రాశాడు. మొదటి బహుమతి దానికే వచ్చింది.

ప్రదర్శన మొదలయ్యే రోజు సాయంత్రం నాలుగింటికి భార్యనీ అత్తగారినీ వెంటబెట్టుకుని బయల్దేరాడు. "మీరు పనిలో ఉండగా తీసిన ఫోటో" అని మాత్రం చెప్పాడు. అత్తగారు తనే కుట్టుకున్న బూడిదరంగు కోటు వేసుకుంది. "పళ్ళు గానీ కనబడుతున్నాయా? నిజం చెప్పు" అని దారిలో రెండుసార్లు అడిగింది. కూతురు పకపకా నవ్వింది. అతనూ నవ్వాడు.

హాలు చివరి గోడ మీద నాలుగడుగుల ఫోటో పెట్టారు. వీళ్ళు లోపలికి అడుగు పెట్టేసరికి బయటి ఊరి నుంచి వచ్చిన న్యాయనిర్ణేత దాని ముందే నిలబడి మాట్లాడుతున్నాడు.

"చూడండి. కుర్చీ ఆగింది. కత్తెర ఆగింది. ముఖం ఆగింది. వణికే చెయ్యి ఒక్కటే ఆగలేదు. ఈ ముసలి దర్జీని కాలం ఏం చేసిందో ఫోటోగ్రాఫరు ఒక్క మాట కూడా వాడకుండా చెప్పాడు."

అందరూ చప్పట్లు కొట్టారు. ఆ ముసలి దర్జీ మూడడుగుల దూరంలో నిలబడి ఉందని ఆయనకి తెలియదు. తెలిసినవాళ్ళు మాత్రం అక్కడ చాలామందే ఉన్నారు. వాళ్ళలో సగం మంది ఒంటి మీదున్నవి ఆవిడ కుట్టిన బట్టలే. స్కూలు పాటల టీచరు వెనక్కి తిరిగి ఆవిడని చూసింది, ఫోటో చూసింది, మళ్ళీ ఆవిడ చేతివైపు చూసింది. తన పాటల బృందంలో పన్నెండుమంది ఆడపిల్లలకి వేదిక మీదికి పొడుగు కోట్లు కుట్టమని అంతకు ముందు వారమే గుడ్డ ఇచ్చివెళ్ళింది.

అత్తగారు ఏమీ తొట్రుపడలేదు. ఫోటో దగ్గరికి నడిచింది. కళ్ళజోడు సవరించుకుని పైనుంచి కిందిదాకా చూసింది. కొత్త గుడ్డ కొనేముందు నేతలో లోపం వెతికినట్టు చూసింది. కుడి చెయ్యి మెల్లగా కోటు జేబులోకి పోయింది. తర్వాత అల్లుడి వైపు తిరిగింది.

"బాగా తీశారు" అంది. "చాలా బాగా తీశారు. మేం వెళ్తాం. మీరు ఉండండి. అందరూ మీకోసమే వచ్చారు."

పక్కవాళ్ళకి అందులో వినడానికేమీ లేదు. అతనికి మాత్రం తల కొట్టేసినట్టయింది. పదకొండేళ్ళలో ఆవిడ నోట మీరు అన్న మాట తనని ఉద్దేశించి వినడం అదే మొదటిసారి. భార్య తల్లి జేబు వైపు చూస్తోంది. జేబు లోపల గుడ్డ సన్నగా అదురుతోంది. ఆమె తల్లి మోచెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్ళింది.

అతను వెంట వెళ్ళలేదు. లెక్కల టీచరు వచ్చి చెయ్యి పట్టుకుని ఊపేశాడు. ఎవరో జ్ఞాపిక చేతిలో పెట్టారు. "షట్టరు ఎంతకి పెట్టారు?" అని ఒకాయన అడిగితే, "ఎనిమిదో వంతు" అని చెప్పాడు. అరగంట అక్కడే ఉండి, నవ్వి, దండాలు పెట్టి వచ్చాడు. తర్వాత ఎప్పుడు తల్చుకున్నా ఫోటో తీసినందుకంటే ఆ అరగంట అక్కడ నిలబడిపోయినందుకే అతనికి ఎక్కువ సిగ్గేసేది.

ఇంటికొచ్చేసరికి భార్య మెట్ల మీద కూర్చుని ఉంది.

"నీకు తెలుసా?" అంది.

"ఏంటి?"

"అమ్మ చెయ్యి."

"ఈమధ్యే... ఫోటోలో చూశాక తెలిసింది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబుదామనే అనుకుంటున్నా."

ఆమె అతని మొహంలోకి చూసి, లేచి లోపలికి వెళ్ళిపోయింది. ముందు గదిలో మిషను చప్పుడు వినిపిస్తోంది.

ఆ వారం ముందు గదికి జనం బాగానే వచ్చారు, కుట్టించుకోవడానికి కాదు. ఒకావిడ "తొందరేం లేదు, మా మరదలు ఊళ్ళోకి వచ్చింది, తనే కుట్టేస్తానంటోంది" అని గుడ్డ పట్టుకెళ్ళింది. ఇంకో ఆయన "మీరు కాస్త విశ్రాంతి తీసుకోండమ్మా, ఎన్నాళ్ళని కష్టపడతారు" అని కొలతలిచ్చిన కోటు వద్దన్నాడు. అందరూ ఎంతో మర్యాదగానే మాట్లాడారు. అత్తగారు ప్రతి గుడ్డా మడత పెట్టి, కాగితంలో చుట్టి, దారం కట్టి మరీ ఇచ్చింది. పాటల టీచరు గుడ్డ మాత్రం బల్ల మీదే ఉంది. ఆమె ఇంకా రాలేదు.

అతను ఆ గది గుమ్మం దాటాలంటే దొంగలా దాటేవాడు. నాలుగోరోజున, ఏదో ఒకటి చెయ్యాలనుకుని స్కూలుకి వెళ్ళాడు. పాటల టీచరు వరండాలో కుర్చీలు సర్దిస్తోంది.

"ఆ ఫోటో సంగతి చెబుదామని వచ్చానండి. అదంతా షట్టరు మాయ. నేనే ఆవిణ్ణి చెయ్యి ఊపమన్నాను. పోటీ కోసం."

"అవునా? నిజంగా వణుకుతుందనుకున్నామే అందరం."

"అబ్బే, మా అత్తయ్య చెయ్యి ఉక్కు."

ఆమె మొహం తేటపడింది. ఆ సాయంత్రమే ఇంటికి వచ్చింది. అతను పక్క గదిలోనే ఉన్నాడు. గోడ అవతలి మాటలన్నీ వినిపించాయి.

"మీరు భలే నటించారండీ. మీ అల్లుడుగారు చెప్పేదాకా నేను నిజమనే అనుకున్నాను."

"ఏం చెప్పాడమ్మా?"

"ఫోటో కోసం మిమ్మల్ని చెయ్యి ఊపమన్నానని."

మిషను ఆగింది.

"నేను నటించలేదు తల్లీ. నా చెయ్యి వణుకుతుంది. ఖాళీగా పెడితే వణుకుతుంది, పని చేస్తుంటే ఆగుతుంది. ఇలా కూర్చో, చూద్దువుగాని."

అతను గుమ్మంలోకి వచ్చాడు, రాకుండా ఉండలేకపోయాడు. ఆవిడ ముందుగా కుడి చెయ్యి ఒళ్ళో పెట్టి పాటల టీచరుకి చూపించింది. వేళ్ళు ఆడుతున్నాయి. తర్వాత ఒక చిన్న గుడ్డముక్క తీసుకుని, కాజాకి గాటు పెట్టి, సూదికి దారం ఎక్కించబోయింది. సూది బెజ్జం దగ్గర చెయ్యి రెండుసార్లు తప్పింది, మూడోసారి ఎక్కింది. ఇక ఆ తర్వాత ఆగలేదు. పోగు పక్కన పోగు, ముడి పక్కన ముడి. ఏడెనిమిది నిమిషాలు పట్టింది. పూర్తి చేసి ముక్క ఆమె చేతికిచ్చింది. వంక పెట్టడానికి వీల్లేని కాజా.

పాటల టీచరు దాన్ని చాలాసేపు తిప్పి తిప్పి చూసింది. ఆమె చెడ్డ మనిషి కాదు. "పన్నెండు కోట్లు కదండీ. ఒక్కో దానికి ఎనిమిది కాజాలు. మధ్యలో మీకు ఏమన్నా అయితే పిల్లలు వేదిక ఎక్కలేరు" అని గొణిగి, గుడ్డ తీసుకుని వెళ్ళిపోయింది. ఆ చిన్న ముక్క బల్ల మీదే వదిలేసింది.

అత్తగారు అల్లుడి వైపు తిరిగింది.

"నా చెయ్యి బాగానే ఉందని ఇన్నాళ్ళూ అబద్ధం ఆడింది నేను. అది నా అబద్ధం, నేనే ఆడుకుంటాను. నా తరపున మీరు ఆడొద్దు."

"అత్తయ్యా, నేను..."

"ఫోటో తీసినందుకు నాకేం కోపం లేదండీ. ఒక్కమాట అడిగుంటే, వద్దని ఉండేదాన్ని. అందుకే కదా మీరు అడగంది."

అతను తలెత్తలేకపోయాడు. ఆవిడ నలభై ఏళ్ళు మనుషుల్ని కొలిచిన మనిషి. తన కొలత కూడా అంగుళంతో సహా తీసేసింది.

మర్నాడు గ్రంథాలయానికి వెళ్ళి ఫోటో తీసేస్తానన్నాడు. అక్కడి అధికారి బుర్ర గోక్కుంటూ, "పోస్టర్లు కూడా వేశాం మాస్టారూ, ఇప్పుడెలా?" అన్నాడు. పోస్టర్ల సంగతి ఏం చెయ్యలేకపోయాడు. జ్ఞాపిక తిరిగిచ్చేసి, కుర్చీ వేసుకుని గోడ మీది ఫోటో తనే దించాడు. ఆటోలో పట్టలేదు. చివరికి రెండు చేతులా పట్టుకుని, బొమ్మ తన ఛాతీ వైపుకి తిప్పుకుని, బజారంతా నడిచి వచ్చాడు. ఎదురైనవాళ్ళల్లా "ఏంటి మాస్టారూ, బహుమతి ఫోటోనా? ఏదీ, ఇటు తిప్పండి" అన్నారు. తిప్పలేదు. అంత పెద్ద అట్ట పట్టుకుని మొహం దాచుకోడానికి కూడా వీల్లేకపోయింది.

పదిరోజుల తర్వాత భార్య పోస్టాఫీసుకి సెలవు పెట్టి తల్లిని నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. అడిగి తెచ్చిన కారు నడపడానికి అతనూ వెళ్ళాడు. డాక్టరమ్మ నడివయసు మనిషి, నిదానస్తురాలు. అత్తగారిని నడవమంది, కుర్చీలోంచి లేవమంది, కాగితం మీద సుడి గీయమంది, ఒక వాక్యం రాయమంది. వాక్యంలో అక్షరాలు పోనుపోను చిన్నవైపోయాయి.

"ఇది పార్కిన్సన్స్ అనుకుంటున్నాను. మొదటి దశే. భయపడకండి, మందులున్నాయి. చెయ్యి ఆడటం ఎప్పుడు మొదలైంది?"

"ఈమధ్యేనమ్మా. మూడు నాలుగు నెలలు" అంది అత్తగారు.

"నాకు రెండు వారాల కిందటే తెలిసింది" అంది కూతురు.

"సరిగ్గా గుర్తు తెచ్చుకోండి. ఎంత కాలంలో ఎంత పెరిగిందన్నది నాకు ముఖ్యం."

ఆ గదిలో ఆ ప్రశ్నకి జవాబు తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు. నోరు మూసుకుని ఉంటే ఎవరికీ తెలిసేది కాదు.

"పదిహేను నెలలు దాటింది" అన్నాడు.

ముగ్గురూ అతనివైపు తిరిగారు.

"అంత కచ్చితంగా ఎలా చెబుతున్నారు?" అంది డాక్టరమ్మ.

"ఫోటోలున్నాయి. తేదీలతో. అన్నీ ఒకే కుర్చీలో, ఒకే షట్టరుతో తీసినవి. ఎనిమిదో వంతు. చెయ్యి ఎంత కదిలితే అంత చెదురుతుంది."

ఫోనులోకి ఎక్కించుకున్నవి తీసి ఆమె ముందు పెట్టాడు. ఆమె ఒక్కొక్కటే జరుపుతూ చూసింది. మొదటి ఫోటోలో మణికట్టు నిలకడగానే ఉంది, అరచెయ్యీ వేళ్ళూ మాత్రమే పొగలా ఉన్నాయి. ఏడాది తర్వాతి ఫోటోలో పొగ మణికట్టు దాటింది. అత్తగారు కూడా ముందుకి వంగి చూసింది. ఎన్నెన్ని మధ్యాహ్నాలు, ఎన్నెన్ని కోట్లు. ఒక ఫోటోలో ఆవిడ ఏదో తల్చుకుని తనలో తాను నవ్వుకుంటోంది.

"చాలా పనికొస్తాయి ఇవి" అంది డాక్టరమ్మ. "ఇంత శ్రద్ధగా ఎవరూ గమనించరు. మంచి పని చేశారు."

ఆ మెచ్చుకోలు వింటూ కూర్చోవడం కంటే, నాలుగు తిట్లు తినడం నయమనిపించింది అతనికి. "మంచి పని కాదండీ" అన్నాడు. "గమనించాను, ఎవరికీ చెప్పలేదు. పోటీకి ఫోటో కావాలని ఊరుకున్నాను."

డాక్టరమ్మ చీటీ రాయడం మొదలుపెట్టింది. "పదిహేను నెలల కింద వచ్చుంటే ఇంకా ముందే మందు మొదలుపెట్టేవాళ్ళం. సరే, ఇప్పుడు మొదలుపెడదాం. మందు ఎలా పనిచేస్తోందో తెలియాలి కాబట్టి నెలకొకసారి ఇలాగే ఒక ఫోటో తీసి తీసుకురండి. ఆవిడకి ఇష్టమైతేనే."

బయట వసారాలో భార్య అతని పక్కన కూర్చుంది. అత్తగారు మందుల కిటికీ దగ్గర ఉంది.

"పదిహేను నెలలు. మెట్ల మీద అడిగాను కదా నిన్ను."

"అవును."

"ఈమధ్యే అన్నావు."

"అబద్ధం చెప్పాను."

"రోజూ నా పక్కనే కూర్చుని భోంచేశావు. అమ్మకి పని పిచ్చి అని నేను నవ్వుతుంటే నువ్వూ నవ్వావు. అప్పుడు ఏమనుకున్నావు లోపల?"

ఆమె ఏడవలేదు, గొంతు పెంచలేదు. చేతిసంచీ ఒళ్ళోకి తీసుకుని, ఇద్దరి మధ్యా ఒక కుర్చీ వదిలి అవతల కూర్చుంది. ఆ తర్వాత చాలా నెలలు ఆమె అతని కెమెరా ముందుకి రాలేదు. ఆఫీసులో గుర్తింపు కార్డుకి ఫోటో కావాల్సి వస్తే వేరే స్టూడియోకి వెళ్ళి తీయించుకుంది. ఆ సంగతి బజారులో ఎవరో చెబితే తెలిసింది అతనికి.

మందు పనిచేయడానికి సమయం పట్టింది. పోయిన గిరాకీలో కొంత తిరిగి వచ్చింది, కొంత రాలేదు. అత్తగారు చెయ్యి సంగతి వచ్చినవాళ్ళకి తనే ముందుగా చెప్పేది. "ఇదిగో, ఇలా ఆడుతుంది. కుట్టేటప్పుడు ఆడదు. ఇష్టమైతే ఇవ్వండి, లేకపోతే లేదు." కొందరు ఇచ్చేవాళ్ళు.

ఆదివారం క్లాసులో కొత్తగా చేరినవాళ్ళు బహుమతి ఫోటో చూపించమని అడిగేవాళ్ళు. మొదట్లో మాట దాటేసేవాడు. ఒకరోజు లెక్కల టీచరే పట్టుబట్టాడు. అప్పుడు కెమెరా బల్ల మీద పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. క్లాసు అయ్యాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ తిట్టలేదు. పళ్ళ డాక్టరు మాత్రం పై ఆదివారం నుంచి రావడం మానేశాడు.

నెలకొకసారి ఫోటో తీయమన్న మాట అత్తగారు మర్చిపోలేదు. ఒకటో తారీకు పొద్దున తనే పిలిచేది. ఈసారి పక్క గదిలోంచి కాదు, ఎదురుగా నిలబడి తీయాలి. ఆవిడ కుర్చీలో నిటారుగా కూర్చుని, కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, తిన్నగా అతని వైపు చూసేది. అంత తిన్నగా చూస్తుంటే అతను కళ్ళు పక్కకి తిప్పుకుని బటను నొక్కేవాడు.

మూడో నెల ఫోటో తెర మీద చూస్తున్నాడు. పోయిన రెండు నెలల ఫోటోలూ పక్కన పెట్టుకుని పోల్చాడు. తగ్గిందని చెప్పాలని ప్రాణం కొట్టుకుంది.

"ఎలా ఉంది?" అంది ఆవిడ.

"పోయిన నెల లాగే ఉంది అత్తయ్యా. తగ్గలేదు. పెరగలేదు."

ఆవిడ దగ్గరికొచ్చి, కళ్ళజోడు పైకి జరుపుకుని మూడూ చూసింది. అతను చెప్పింది నిజమేనని చూసుకున్నాక తల ఊపింది.

"సరే" అని బల్ల దగ్గరికి వెళ్ళి, సగం కుట్టిన కోటు చేతిలోకి తీసుకుంది. "ఆ స్టాండు కాస్త పక్కకి జరపండి. వెలుతురుకి అడ్డమొస్తోంది."

అతను జరిపాడు.